టాపు కింద టోపీ

ఫిబ్రవరి 3, 1936, సోమవారం

రాత్రంతా మంచు కురిసింది. పొద్దున్నే బొగ్గుపొయ్యిలో బూడిద తీసి, జారకుండా మెట్ల మీద చల్లాను. మిగిలింది పక్కింటివాళ్ళ మెట్ల మీద కూడా చల్లాను. వాళ్ళు అడగలేదు.

మిస్టర్ హాల్‌బెక్ ఇవాళ నమూనా గదికి వచ్చారు. ఫ్యాక్టరీ ఆయనది, కారు పేరు ఆయనది, కారు ముక్కు మీద ఉండే అక్షరమూ ఆయనదే. గదిలో వచ్చే ఏడాది సెడాన్ రెండు రూపాల్లో ఉంది. మట్టిది చూడటానికి, చెక్కది కూర్చోవడానికి. చెక్కదానికి చక్రాలు లేవు, సీట్లూ నేలా తలుపులూ టాపూ మాత్రం ఉన్నాయి. రెండింటి టాపూ ఒకటే ఎత్తు. పెద్దాయన గుండు టోపీతో సహా చెక్కదానిలో కూర్చున్నారు. కూర్చున్న మనిషి కదల్లేదు.

"టటిల్, ఇదేమిటి?"

"టాపండీ."

"టాపని నాకూ తెలుసు. నా టోపీ మీద ఏం చేస్తోంది?"

నేను టాపు వైపు చూశాను.

"ఇండియానాలో మగవాడు రెండు చోట్ల టోపీ తీస్తాడు. చర్చిలో, శవం ముందు. నా కారు ఈ రెండిట్లో ఏది?"

"ఏదీ కాదండీ."

"అలా ఉంచుదాం. నా టోపీకీ నీ టాపుకీ మధ్య ఒక వేలు దూరాలి. ఈస్టరుకు ముందు గురువారం వస్తాను. అప్పటికి దూరకపోతే వచ్చే ఏడు కూడా పాత బండే అమ్ముకుంటాను. ఈ గదిలో బంగాళాదుంపలు పోయిస్తాను."

ఆయన వెళ్ళాక లెస్టర్ నా భుజం తట్టాడు. కారు ముక్కు, జల్లెడ, దీపాలు లెస్టర్ పని. టాపు నాది. "ముక్కు నాది, నెత్తి నీది" అంటుంటాడు. ఇవాళ మాత్రం, "బంగాళాదుంపలకి ఈ గది బాగుంటుందిరా, వెచ్చగా ఉంటుంది" అన్నాడు.

ఆ టాపు గురించి ఒక్కసారి రాసి ఊరుకుంటాను. ముందు అద్దం పైనుంచి వెనక బంపరు దాకా ఒకటే గీత. కళ్ళు మూసుకుని చెయ్యి వేసి నడిస్తే ఎక్కడా ఆగదు. నేను చదువుకున్నవాణ్ణి కాను. ఇక్కడికి రాకముందు శవపేటికల మూతలు నునుపు చేసేవాణ్ణి. ఆ గీత నా చేతికి ఎలా వచ్చిందో నాకే తెలియదు. ఇంకోసారి వస్తుందన్న నమ్మకం లేదు.

సాయంత్రం ఇంజినీరు నార్డ్‌బెర్గ్ దగ్గరికి వెళ్ళి, టాపు ఎత్తే బదులు నేల దించకూడదా అని అడిగాను. ఆయన సార్డీన్ చేపల రొట్టె తింటున్నాడు. తినడం ఆపలేదు.

"నేల కింద ఏముంది?"

"నీ కడ్డీ."

"నా కడ్డీ కాదు. ఇంజినులోంచి వెనక చక్రాలకి పోయే కడ్డీ. దాని పైన నేల. నేల పైన సీటు. సీటు పైన పెద్దాయన. ఆయన పైన టోపీ. దాని పైన నీ టాపు. వీటన్నిటిలో మెత్తగా ఉండేది నీ మట్టి ఒక్కటే."

ఫిబ్రవరి 5, బుధవారం

విపరీతమైన చలి. కుళాయి గడ్డకడితే వేడినీళ్ళ గుడ్డ చుట్టాను.

చెప్పినట్టే టాపు మీద మట్టి పట్టించి ఎత్తాను. ఎద్దు మూపురంలా వచ్చింది. లెస్టర్ దాని మీద దుప్పటి కప్పి, టోపీ తీసి గుండెలకు ఆనించుకుని, "మంచివాడు, చిన్నవయసులోనే పోయాడు" అన్నాడు. ఇంటికి వచ్చేముందు ఆ మట్టంతా గీకేశాను.

ఫిబ్రవరి 7, శుక్రవారం

మబ్బు. బూడిద తీశాను. నా టోపీకి మట్టి అంటితే మిసెస్ ప్రూయిట్ దుకాణానికి తీసుకెళ్ళాను. ఆమె ఆడవాళ్ళకు టోపీలు కడుతుంది, మగవాళ్ళవి ఆవిరి పట్టి శుభ్రం చేస్తుంది. భర్త పోయాక దుకాణం ఒక్కతే నడుపుతోంది. తను కట్టిన టోపీ ఏదో ఒకటి ఎప్పుడూ ఆమె తల మీద ఉంటుంది. బోర్డు రాయించడం కంటే చవక అంటుంది. ఇవాళ ఆకుపచ్చది, పైన నిలువుగా అడవికోడి ఈక.

"మొన్న మంగళవారమే కదండీ దీన్ని శుభ్రం చేసిచ్చాను?"

"మట్టి అంటింది."

"టోపీకి ఏమీ అంటలేదు టటిల్ గారూ. మీ చెవికి అంటింది."

చెవి తుడుచుకున్నాను. బల్ల మీద ఇంకో టోపీ ఉంది, నల్లటి గుండు టోపీ. ప్రతి శుక్రవారం పెద్దాయన డ్రైవరు దాన్ని ఇక్కడ ఇచ్చి, ఆదివారం చర్చి వేళకి తీసుకెళ్తాడు. ఫ్యాక్టరీ పొగగొట్టాల కింద తిరిగే టోపీకి వారంలో అంత మసి పడుతుంది.

"మీ శత్రువు ఇదేనట కదా? లెస్టర్ భార్య చెప్పింది" అంది ఆమె.

నేను దానివైపు చూడలేదు.

"చూడటానికి ఇనుములా ఉంటుంది. ఉట్టి ఉన్ని, దానికి లక్క పట్టించారు, అంతే. ఆవిరి తగిలితే రొట్టె పిండి. ఏ చెక్క దిమ్మకి తొడిగితే ఆ దిమ్మంత అవుతుంది. నా దగ్గర చాలా దిమ్మలున్నాయి, పొట్టివి కూడా."

"ఆయనకి తెలిసిపోతుంది."

"ఎలా తెలుస్తుంది? పెట్టుకునేటప్పుడు మగవాడు టోపీ లోపల చూస్తాడు. పెట్టుకున్నాక ఎదుటివాడి మొహం చూస్తాడు. బయటినుంచి తన టోపీ ఎంతుందో చూసుకున్న మగవాణ్ణి నేనింతవరకూ చూడలేదు."

అది పద్ధతి కాదన్నాను. కాదనే ఆమె కూడా ఒప్పుకుంది. తర్వాత, "గోరంతా, వేలెడా?" అని అడిగింది.

గోరంత చాలన్నాను. మాటవరసకి అన్నాను.

టోపీ శుభ్రానికైన ఖర్చు జమాఖర్చుల పుస్తకంలో 'పని మీద' అన్న పద్దులో రాశాను.

ఫిబ్రవరి 10, సోమవారం

మంచు. పెద్దాయన వచ్చి కూర్చున్నారు. టోపీ టాపుకు తగల్లేదు. "ఏదో చేసినట్టున్నావే" అన్నారు. ఏమీ చేయలేదన్నాను. అది నిజమే. టాపుకు నేనేమీ చేయలేదు.

ఫిబ్రవరి 14, శుక్రవారం

దుకాణాల కిటికీల నిండా ఎర్రకాగితం గుండెలు. విశేషమేమీ లేదు. బూడిద తీశాను. టోపీ శుభ్రం చేయించాను.

ఫిబ్రవరి 17, సోమవారం

చలి తగ్గలేదు. వాకిలి తలుపు బందులకు నూనె వేశాను.

పెద్దాయన చెక్కబండిలో కూర్చుని మాకందరికీ ఒక సంగతి చెప్పారు. ఈమధ్య టోపీ బిగుతుగా ఉన్నట్టు, నడినెత్తి దాన్ని తాకుతున్నట్టు అనిపించి డాక్టరుకు చూపించుకున్నారట.

"డాక్టరేమన్నాడండీ?" అని లెస్టర్ అడిగాడు.

"కొందరికి ముసలితనంలో కూడా మెదడు పెరుగుతుందన్నాడు. ఎక్కువగా ఆలోచించేవాళ్ళకి."

నేను నమూనా చక్రం పైని రెక్క మీద లేని గరుకును నునుపు చేస్తూ ఉండిపోయాను. లెస్టర్ మట్టి వేడిచేసే పొయ్యిలోకి తల పెట్టి చాలాసేపు దగ్గాడు.

ఫిబ్రవరి 24, సోమవారం

కాస్త ఎండ. పైకప్పు అంచున వేలాడే మంచుకడ్డీలు కర్రతో కొట్టేశాను.

చిక్కొచ్చింది. పెద్దాయన కూర్చున్నప్పుడల్లా నార్డ్‌బెర్గ్ ఉక్కు స్కేలు పెట్టి టోపీకీ టాపుకీ మధ్య సందు కొలుస్తాడు. ఎవరూ కొలవమనలేదు. కొలవని వస్తువు ఉందంటే ఆయనకు నిద్రపట్టదు. ఇవాళ నన్ను పక్కకు పిలిచాడు.

"టాపు ఎత్తావా?"

"లేదు."

"నేల నేను దించలేదు. మరి సందు పెరిగింది. అంటే సీటు కుంగింది." ఆయన మొహం పాలిపోయి ఉంది. "నా స్ప్రింగులు కుంగుతున్నాయి, టటిల్. ఒక్క ముసలాయన వారానికోసారి కూర్చుంటేనే కుంగితే, ఒహాయోలో ఐదుగురు పిల్లలున్న కుటుంబం ఎక్కితే ఏమవుతుంది?"

బహుశా చలికి అయ్యుంటుందన్నాను. ఆయన వినలేదు. సాయంత్రానికల్లా సీటులో ఇంకా గట్టి స్ప్రింగులు బిగించాడు. నేను కూర్చుని చూశాను. నా టోపీ టాపుకు తగిలింది.

ఫిబ్రవరి 28, శుక్రవారం

మబ్బు. బూడిద. మిసెస్ ప్రూయిట్‌తో స్ప్రింగుల సంగతి చెప్పాను. ఆమె నవ్విన నవ్వుకి టోపీ మీది ఈక ఊగింది. "అయితే ఈసారి వేలెడు" అని ఇంకా పొట్టి దిమ్మ తీసింది.

నా టోపీ కూడా ఆవిరి పట్టించాను. దానికి నూగు పూర్తిగా పోయింది. శుభ్రమైన టోపీ మంచిదే.

ఫిబ్రవరి 29, శనివారం

రాత్రి అగ్నిమాపక దళం హాల్లో డాన్సు. లీపు సంవత్సరపు డాన్సులో మగవాళ్ళు అడగకూడదు, ఆడవాళ్ళే వచ్చి పిలవాలి. నేను వెళ్ళలేదు. నమూనా ముక్కు దగ్గర మట్టి ఆరిపోతోంది. ముక్కు లెస్టర్ పని, అయినా ఆరిపోతోంది.

మార్చి 2, సోమవారం

వాన. కాలర్లకు గంజి పెట్టాను.

శనివారం డాన్సులో ఆకుపచ్చ టోపీ పెట్టుకున్న ఒకావిడ గోడవారగా నిలబడి, టటిల్ రాలేదా అని ఇద్దరు ముగ్గుర్ని అడిగిందట. లెస్టర్ చెప్పాడు. టోపీ విషయమై అయ్యుంటుందన్నాను.

"ఒరేయ్ ఆరిన్, నువ్వు మట్టితో పనిచేస్తున్నావా, మట్టితో చేసినవాడివా?"

ఆ ప్రశ్నకు అర్థం లేదు.

పెద్దాయన టోపీ టాపుకు తగల్లేదు. నార్డ్‌బెర్గ్ స్కేలు పెట్టి, చూసి, స్కేలును వెలుతురులో పెట్టి మళ్ళీ చూసి వెళ్ళిపోయాడు. అరగంటలో ఇంకా గట్టి స్ప్రింగుల కట్టతో వచ్చాడు.

మార్చి 8, ఆదివారం

ఎండ. చర్చికి వెళ్ళాను. ఇది రాసిపెట్టాల్సిన విషయం. వాకిట్లో కొక్కేలకు మగవాళ్ళ టోపీలు వరసగా వేలాడుతుంటాయి. బ్యాంకు మేనేజరుది, మందుల షాపు ఆయనది, ఫ్యాక్టరీలో లెక్కల గది వాళ్ళవి, అన్నీ గుండు టోపీలే, అన్నీ పొట్టివే. వాటి నడుమ పెద్దాయనది అందరికంటే పొట్టి, బోర్లించిన సాసరులా.

బయట మిసెస్ ప్రూయిట్ ఎదురైంది.

"నేనేం చేయనండీ? అందరూ వచ్చి, 'హాల్‌బెక్ గారిలాంటిది' అంటున్నారు. కొత్త మోస్తరు అనుకున్నారు. షికాగో నుంచి వచ్చిందట. బ్యాంకాయన నాకే చెప్పాడు."

లెస్టర్ కూడా ఒకటి కొన్నాడు. వాడికి అంతా తెలుసు. "తెలిస్తే మాత్రం? నాకు బాగుందిరా" అన్నాడు.

మార్చి 11, బుధవారం

గాలి. రెండోసారి మార్చిన స్ప్రింగులు బిగుసుకుపోయాయి. పెద్దాయన ఇవాళ అనుకోకుండా వచ్చి కూర్చుంటే ఆయన్ను పైకి తోసేశాయి. టోపీ టాపుకు టప్పున కొట్టుకుని ముక్కు దాకా దిగింది. ఆ టోపీ లోపలినుంచి ఆయన గొంతు వినిపించింది: "టటిల్. బంగాళాదుంపలు."

మార్చి 13, శుక్రవారం

ఆకాశం తేటగా ఉంది. బూడిద తీశాను. వెర్నా, అంటే మిసెస్ ప్రూయిట్, పెద్దాయన టోపీని చేతిలో తిప్పి తిప్పి చూసి బల్ల మీద పెట్టేసింది.

"ఇక అయిపోయిందండీ. దీని తర్వాత టోపీ ఉండదు, పెనం మీద అట్టు ఉంటుంది."

కాఫీ ఇచ్చింది. ఆపిల్ పై కూడా ఉంది. నేను అక్కడ ఉన్నది పై కోసం కాదు.

"మీ ఇంజినీరుకి చెప్పేయండి" అంది.

"నన్ను చంపేస్తాడు."

"చంపనివ్వండి, చెప్పకపోతే మాత్రం ఆ టాపు ఉంటుందా? మీ గీత మీకు కావాలా వద్దా?"

కావాలన్నాను. ఇంత గట్టిగా నేనేదైనా కావాలని ఎప్పుడన్నానో గుర్తులేదు.

మార్చి 16, సోమవారం

చెప్పేశాను.

నార్డ్‌బెర్గ్ సార్డీన్ డబ్బా మూత సగం తెరిచి ఉన్నాడు. అంతా విన్నాడు. గోరంత, వేలెడు, పొట్టి దిమ్మలు, అన్నీ. డబ్బా కింద పెట్టాడు.

"అంటే నా స్ప్రింగులు కుంగలేదా?"

"లేదు."

"మొదటివి కూడా?"

"మొదటివి చాలా మంచివి."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మూడు వారాలుగా రాత్రుళ్ళు లేచి కూర్చుని స్ప్రింగుల లెక్కలు వేస్తున్నాడట. భార్య ఆయనకు పిచ్చిపట్టిందనుకుని వాళ్ళ అమ్మకి ఉత్తరం రాసిందట. టోపీ గురించి ఒక్క మాట అనలేదు. టోపీ ఆయన శాఖ కాదు.

తర్వాత ఉన్నట్టుండి, "నేల దించుతాను" అన్నాడు.

"దించడానికి వీల్లేదన్నావు కదా?"

"వీల్లేదని ఎప్పుడన్నాను? కింద ఏముందని అడిగాను. నువ్వు కడ్డీ అన్నావు. కడ్డీ దించుతావా అని అడగలేదు."

కాగితం తీసి గీశాడు. ఇంజిను కడ్డీ చివర చిన్న పళ్ళచక్రం, వెనక ఇరుసు మీద పెద్ద పళ్ళచక్రం ఉంటాయి. ఇప్పుడు చిన్నది పెద్దదాని నడిమధ్యకు వచ్చి కలుస్తోంది. దాన్ని నడిమికి కాకుండా కిందివైపున కలిపితే కడ్డీ మొత్తం దిగుతుంది, దానితోపాటు నేలా, సీటూ, పెద్దాయనా దిగుతారు. పళ్ళు వంకరగా కోయించాలి, మామూలు నూనె పనికిరాదు, కుదరకపోతే కుక్కలా ఏడుస్తాయి. అందుకే ఇన్నాళ్ళూ ఆయనకు ఇష్టం లేదు.

"మరి ఇప్పుడెందుకు?"

"నా స్ప్రింగుల్ని టోపీ ఓడించిందని రేపు ఎవరైనా అంటే నేను బతకలేను" అన్నాడు నార్డ్‌బెర్గ్.

మార్చి 20, శుక్రవారం

వాన. చెక్కబండి నేల ఊడదీసి దించాం. మొదటి మెత్తటి స్ప్రింగులు తిరిగి వేశాడు నార్డ్‌బెర్గ్. వేసేముందు వాటిని చేత్తో నిమిరాడు. నేను చూడనట్టు ఉండిపోయాను.

దుకాణానికి వెళ్ళడం కుదరలేదు. టోపీ శుభ్రంగానే ఉంది.

మార్చి 23, సోమవారం

ఎండ. కిటికీ అద్దాలు తుడిచాను. సంతోషంగా వెళ్ళాను.

నేల దిగింది, సీటు దిగింది, స్ప్రింగులు మెత్తబడ్డాయి. టోపీ మాత్రం ఇంకా సాసరే. ఆ విషయం మా ముగ్గురిలో ఒక్కడికీ తట్టలేదు. పెద్దాయన కూర్చున్నారు. పైకి చూశారు. చెయ్యెత్తి ఊపారు. చేతికి ఏమీ తగల్లేదు.

"ఏమిటిది, నాటకశాలా? ఇక్కడ పావురాలు పెంచుకోవచ్చు."

"గాలి బాగా ఆడుతుందండీ" అన్నాడు లెస్టర్.

"గాలి అమ్ముకోవడానికి నేను ఫ్యాక్టరీ పెట్టలేదు. టాపు దించు, టటిల్. బాగా దించు. సాయంత్రానికల్లా దిగాలి."

ఎత్తమన్నప్పుడు గీకేయడానికి మట్టి ఉంది. దించమంటే గీతనే గీకాలి.

మార్చి 24, మంగళవారం

దించాను. అణగదొక్కిన చెప్పులా ఉంది.

లెస్టర్ హాస్యమాడలేదు.

మార్చి 27, శుక్రవారం

మబ్బు. వారం నుంచి బూడిద తీయలేదు, ఇవాళ తీశాను. వెర్నా నా మొహం చూసి ఏమైందని అడగకుండా దుకాణం తలుపు మీద 'మూసి ఉంది' అట్ట తిప్పింది. అంతా చెప్పాను.

"ఆయన టోపీని మళ్ళీ పొడుగు చేయగలరా?"

"ఉన్నికి తగ్గడమే తెలుసండీ, పెరగడం తెలీదు." దిమ్మల వరసకేసి చూసింది. "కానీ కొత్తది కట్టగలను. మొదటి టోపీ ఎంతుండేదో అంతది."

"ఆయన ఎందుకు పెట్టుకుంటారు? ఆ పొట్టిదంటే ఆయనకిప్పుడు గర్వం కదా."

"అది నాకు వదిలేయండి. మీ గీత మాటేమిటి? మళ్ళీ గీయగలరా?"

గీయలేనన్నాను. ఒక్కసారే వచ్చిందన్నాను. ఆమె కాఫీ పోసింది. కప్పు నా చేతికిచ్చి, నా వేళ్ళ మీద చెయ్యి కాసేపు ఉంచింది. కప్పు వేడిగా ఉండటం వల్ల అయ్యుంటుంది.

మార్చి 30, సోమవారం

చిరుజల్లు. ఇవాళ జరిగినది జరిగినట్టే రాస్తాను.

పెద్దాయన కొత్త గుండు టోపీతో వచ్చారు, నిగనిగలాడుతూ, పాతది మొదట ఎంత ఎత్తుండేదో అంతే ఎత్తు. దించిన టాపు కిందికి వంగి దూరి కూర్చోబోయారు. టోపీ గట్టిగా కొట్టుకుంది.

"ఎవడు దించాడు దీన్ని?"

లెస్టర్ నన్ను చూశాడు. నేను నార్డ్‌బెర్గ్‌ను చూశాను. నార్డ్‌బెర్గ్ స్కేలును చూశాడు.

"మీరే దించమన్నారండీ" అన్నాను.

"నేనా? నాకేమన్నా పిచ్చా? మొదట ఎలా ఉండేదో అలా పెట్టు." టోపీ సర్దుకున్నారు. "ఈ కొత్తది చూశారా? మిసెస్ ప్రూయిట్ తెలివైన మనిషి. 'మీ పొట్టి టోపీని చూసి ఇప్పుడు బ్యాంకు గుమాస్తాలు కూడా అదే పెడుతున్నారు, మీకిక బాగుండదు' అంది. నిజమే కదా? మనం ముందుండాలి. ఇంకో సంగతి, ఇది నెత్తికి తగలడం లేదు. మెదడు సర్దుకున్నట్టుంది."

ఆయన వెళ్ళాక నేను బల్ల మీద కూలబడ్డాను. మొదట ఎలా ఉండేదో అలా. అది నాకెక్కడ గుర్తుంది? అది చేతికి తెలుసు గానీ నాకు తెలియదు.

నార్డ్‌బెర్గ్ గోడవారన ఉన్న అలమర వెనకనుంచి పొడవాటి రేకు ఒకటి లాగాడు. అద్దం నుంచి బంపరు దాకా దాని అంచు నా గీత. వెంట్రుకవాసి తేడా లేదు.

"ఇదెప్పుడు కోశావు?"

"నువ్వు చెరిపే ముందు. నువ్వు భోజనానికి వెళ్ళినప్పుడు."

"ఎందుకు?"

"కొలవకుండా దేన్నీ చెరపనివ్వను" అని, ఎటో చూస్తూ, "బాగుంది కూడా" అన్నాడు.

ఏప్రిల్ 9, గురువారం

లేత ఎండ. బూట్లకు పాలిషు పెట్టాను.

పెద్దాయన కూర్చున్నారు. ఆయన తన చూపుడువేలు ఎత్తి టోపీకీ టాపుకీ మధ్య పెట్టారు. దూరింది. అటూ ఇటూ జరిపారు. దిగి, మట్టి నమూనా చుట్టూ ఒకసారి తిరిగారు. తర్వాత కళ్ళు మూసుకుని, అద్దం పైన చెయ్యి వేసి వెనక బంపరు దాకా నడిచారు. చెయ్యి ఎక్కడా ఆగలేదు.

"ఇదే చేద్దాం. ఇది ఊరికే అయిపోలేదా? దీనికి రెండు నెలలు తీసుకున్నారేం మీరంతా?"

లెస్టర్ బంగాళాదుంపల బస్తా ఒకటి కొని మా ముగ్గురికీ పంచాడు.

ఏప్రిల్ 11, శనివారం

వెచ్చగా ఉంది. మధ్యాహ్నం ఫ్యాక్టరీ ఖాళీ. వెర్నా కారు చూస్తానంటే నమూనా గదికి తీసుకెళ్ళాను. ఈస్టరు టోపీలన్నీ ఇచ్చేసిందట, ఊళ్ళో సగం మంది ఆడవాళ్ళ తలలు ఆమె చేతివే. వేళ్ళ నిండా సూది గుచ్చుకున్న గుర్తులు.

మట్టిదాని చుట్టూ మెల్లగా తిరిగింది. తర్వాత చెక్కబండి తలుపు తీసి వెనక సీటులో కూర్చుంది. ఆకుపచ్చ టోపీ. అడవికోడి ఈక టాపుకు ఆనుకుని మధ్యకు వంగిపోయింది.

అంతవరకూ మేమెవరం ఆ ఆలోచనే చేయలేదు. ఈక సంగతి ఎవరి నోటా రాలేదు. పెద్దాయనకు తోచలేదు, నార్డ్‌బెర్గ్ కొలవలేదు.

నేను తలుపు దగ్గర నిలబడి వంగిన ఆ ఈక చూశాను. నోట్లోంచి వచ్చేసింది.

"టాపు ఎత్తుతాను."

"ఏమిటి?"

"సోమవారం ఎత్తేస్తాను. ఈక పట్టేంత."

"మీ గీత పోదూ?"

"పోతుంది."

నావైపు చూసింది. ఆమె నన్ను అలా చూడటం ఇదివరకు ఎప్పుడైనా జరిగిందేమో, నేను గమనించలేదేమో. తర్వాత రెండు చేతులూ ఎత్తి, పొడవాటి టోపీసూది ఒక పక్కనుంచి లాగి, టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఆమె జుట్టు గోధుమరంగు. టోపీ అంచు నొక్కిన చోట తలచుట్టూ గుండ్రంగా గుర్తు పడి ఉంది. చెవి దగ్గర కొంచెం నెరిసింది.

"దాన్ని ముట్టుకోకండి, ఆరిన్ గారూ. ఈ కారెక్కితే టోపీ లేకుండానే ఎక్కాలన్నమాట. నేనే అలవాటు చేసుకుంటాను."

పక్కన చోటుంది. నా టోపీ తీసి కూర్చున్నాను. చక్రాలు లేని బండి. చాలాసేపు కూర్చున్నాం.

ఇవాళ ఖర్చులేమీ లేవు. 'పని మీద' అన్న పద్దు కొట్టేశాను. పాతవన్నీ వేరే పద్దులోకి మార్చాలి. దానికింకా పేరు పెట్టలేదు.

ఏప్రిల్ 12, ఈస్టర్ ఆదివారం

మబ్బు లేదు. చొక్కా ఇస్త్రీ చేశాను. పొయ్యి బూడిదకని బకెట్టు తెచ్చి పెట్టుకుని, చర్చికి ఇంకా వేళ ఉంది కదా అని ఇది రాస్తున్నాను. వీధి నిండా కొత్త టోపీలు, పువ్వులు, పళ్ళు, ఒకావిడ తల మీద పిట్ట కూడా ఉంది.

గేటు చప్పుడైతే కిటికీలోంచి చూశాను. వెర్నా. నీలం గౌను. తల మీద ఏమీ లేదు. ఊరందరికీ టోపీలు కట్టిన మనిషి ఈస్టరు నాడు ఉత్త తలతో పట్టపగలు నా మెట్లెక్కుతోంది. వీధికి అవతల మిసెస్ హాల్‌బెక్ కారు ఆపించి మరీ చూస్తోంది. పక్క సీటులో పెద్దాయన కొత్త టోపీ కిటికీలోంచి బయటికి వచ్చింది.

నా టోపీ కొక్కేనికి ఉంది. దాన్ని అక్కడే ఉంచేసి తలుపు తీయడానికి వెళ్తున్నాను.